బల్ల మీది నేపాల్ నార

జీడిపప్పు షెడ్లలో, నూనె మిల్లుల్లో, రొయ్యలు కొనే కంపెనీల్లో సరుకు పరీక్షించే పనికి కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక నార మిల్లులో గ్రేడరుగా పనిచేశానని ఎవరో చెబుతారు. "సరుకు చూడగానే మోసం ఎలా పట్టాలి సార్?" అని అడుగుతారు. నాకు తెలిసిందేదో చెప్పి పంపిస్తాను. వాళ్లు వెళ్లాక మాత్రం అసలు చెప్పవలసింది చెప్పలేదన్న బాధ మిగిలిపోతుంది. అది ఈసారి రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొరుగు దేశాలతో సుంకాలు లేని వ్యాపారం అన్న మాట మళ్లీ పత్రికల్లో కనబడుతోంది. దానివల్ల మేలని కొందరు, కీడని కొందరు రాస్తున్నారు. మేలో కీడో తేల్చేటంత చదువు నాకు లేదు. అలాంటి ఒప్పందం ఒకటి రామతీర్థం దగ్గరి ఒక పల్లెకు ఏ రూపంలో వచ్చిందో మాత్రం నాకు తెలుసు. అక్కడికి దాన్ని మోసుకొచ్చినవాళ్లలో నేనొకణ్ణి.

చేత్తో చూసే పని

అరవైల చివర్లో ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మిల్లు విజయనగరం వైపు. మా కొనుగోలు డిపో రామతీర్థం రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. చుట్టుపక్కల అయిదారు ఊళ్ల రైతులు గోగునార బళ్ల మీద వేసుకుని అక్కడికే వచ్చేవారు. గోగంటే తెలియని వాళ్ల కోసం ఒక మాట. కూర వండుకునే గోగుకూరకు ఇది దగ్గర చుట్టం. నిలువెత్తుకు మించి పెరుగుతుంది. కోసి, కట్టలు కట్టి, నీళ్లలో ఊరవేస్తే కాడ మీద నార వదులవుతుంది. దాన్ని ఒలిచి ఉతికి ఆరబెడితే మిల్లుకు పనికొస్తుంది. గోనెసంచులు, పురికొస దానితోనే చేసేవాళ్లం.

నా పని బండి మీది కట్టలోకి చెయ్యి దూర్చి నార ఒకటో నంబరా, రెండా, మూడా చెప్పడం. కాటా తరువాత. ముందు నా మాట. పొడుగు, రంగు, తేమ, మొదలు దగ్గర మిగిలిన బెరడు అన్నీ వేళ్లకే తెలియాలి. వేళ్లకు తెలియడానికి ఒక ఏడాది పడుతుంది. ఆ తరువాత చీకట్లో కూడా చెప్పవచ్చు.

రైతులేమీ అమాయకులు కారు. బరువు కోసం కట్ట నడుమ తడి నార పెట్టేవారు. పైన మంచి నార చుట్టి లోపల మూడో నంబరు దాచేవారు. ఒకసారి కట్ట విప్పితే అరచెయ్యంత రాయి పడింది. ఆ రైతు నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

"ఓలమ్మా! ఇదెలా దూరిపోనాది?" అన్నాడు.

"నడిచి వచ్చినట్టుంది" అన్నాను.

"మరే బాబూ, మా ఊరి రాళ్లకి కాళ్లున్నాయి" అన్నాడు తడుముకోకుండా. డిపో అంతా నవ్వింది. నేనూ నవ్వి మూడో నంబరు వేశాను.

అనుమానించడానికే నాకు జీతం ఇచ్చేవారు. బాగా అనుమానించేవాణ్ణి కూడా. ఒక మంచు ఉదయం తడిసిన కట్టలు తెచ్చిన ముసలాయన్ని నీళ్లు చల్లావని తిట్టి పంపేశాను. మంచు విడిచాక చూస్తే ఆయన వెనక వచ్చిన బళ్లన్నీ అలాగే తడిగా ఉన్నాయి. పిలవడానికి రోడ్డు మీదికి వెళ్లేసరికి ఆయన బండి కనబడలేదు. అది నా మొదటి తప్పు, చిన్నది. దాంతో నేను నేర్చుకున్నది మంచు గురించి మాత్రమే. నా అనుమానం ఎప్పుడూ బల్లకు అవతల నిలబడ్డవాళ్ల మీదికే పోతోందని, ఇవతల కూర్చున్నవాళ్ల మీదికి ఒక్కసారీ తిరగలేదని అప్పటికి తోచలేదు.

పొరుగు దేశం మాట

మా కొనుగోలు మేనేజరు రామ్మూర్తి గారు పట్నం మనిషి. తెల్లటి పంచె, చేతిలో ఎప్పుడూ దినపత్రిక. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పేపరు చదివి పెట్టడం ఆయనకు ఇష్టం. రైతులకు వినడం ఇష్టం.

ఆ రోజుల్లో నేపాల్‌కూ మన దేశానికీ మధ్య చాలా సరుకులకు సుంకం ఉండేది కాదు. అక్కడి నుంచి వచ్చిన నైలాన్ గుడ్డ, స్టీలు గ్లాసులు విజయనగరం బజారు దాకా చేరాయి. చేరాయనైనా చెప్పుకునేవారు. ఏ మెరిసే వస్తువైనా నేపాల్ సరుకు అంటే రెండు మాటలు తక్కువ బేరం ఆడేవారు. కాబట్టి ఒక రోజు రామ్మూర్తి గారు పేపరు మడిచి, "ఇక నార కూడా వస్తుందిట. సుంకం లేదు. నేపాల్ నార మన నార కంటే చవకట" అన్నప్పుడు ఎవరూ కాదనలేదు.

ఆ వారమే ఒకటో నంబరు ధర తగ్గింది. వారం తిరక్కుండా మళ్లీ తగ్గింది.

ఒప్పందం కల్ల కాదు. నేపాల్ నార కలకత్తా వైపు మిల్లులకు వెళ్లేది. అక్కడ ధర మెత్తబడితే ఆ సెగ కొంత మన దాకా రావచ్చు. అయితే ఆ కొంత ఎంత? ఎవరూ కొలవలేదు. కొలవవలసిన వాళ్లకే కొలవకపోవడం లాభం. పేపర్లో నాలుగు వరుసల వార్త మా డిపోలో ధరల పట్టిక అయిపోయింది. దాన్ని నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

పైడమ్మ

మా డిపోకు వచ్చే ఊళ్లలో ఒక ఊరి నార తేలిగ్గా తెలిసిపోయేది. పేరు రాయను. మెత్తగా, పొడుగ్గా, మొదలు దగ్గర కూడా బెరడు లేకుండా ఉండేది. కారణం ఆ ఊళ్లో పైడమ్మ అనే మనిషి.

గోగు ఊరవేయడంలో కిటుకంతా ఎప్పుడు నీళ్లలోంచి తియ్యాలన్నదే. ముందు తీస్తే నార కాడను వదలదు. రెండు రోజులు ఆలస్యమైతే కుళ్లి, బలం పోతుంది. ఆ ఏడు ఎండ ఎంత, నీటి లోతు ఎంత, కాడ లావు ఎంత అన్నదాన్ని బట్టి ఆ రోజు మారుతుంది. పైడమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, కట్టలోంచి ఒక కాడ లాగి, మొదలు విరిచి ఒక్క విదిలింపు విదిలించేది. నార జారే తీరు చూసి "ఎల్లుండి పొద్దున" అనేది. ఊరంతా ఎల్లుండి పొద్దున దిగేది. మగవాళ్లు కోతకూ బండికీ పెద్దలు. నీళ్ల దగ్గర మాత్రం ఆమె మాటే మాట. ఆ ఊరి కట్టుబాటు అది.

భర్త అప్పన్న నెమ్మదస్తుడు. ధర రెండోసారి పడ్డప్పుడు ఊరివాళ్లంతా కూడి, నార అమ్మకూడదని, ధర లేచేదాకా ఇళ్లల్లో దాచుకోవాలని అనుకున్నారు. ఆ మాట మొదట అన్నది పైడమ్మేనని తరువాత విన్నాను. ఆ ఊరు ఆగిపోయేసరికి మిగతా ఊళ్లు కూడా తటపటాయించాయి. డిపో ముందు బళ్లు తగ్గాయి.

నాలుగో రోజున రామ్మూర్తి గారు మిల్లు నుంచి ఒక నారకట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎర్ర దారంతో కట్టి, అట్ట ముక్క వేలాడదీశారు. అట్ట మీద నేపాల్ అని ఉంది.

"వచ్చినవాళ్లకి చూపించు" అన్నారు నాతో.

నేను ముట్టుకున్నాను. ముట్టుకోగానే తెలిసింది. అది గోగు. నేపాల్ పల్లపు నేలల్లో పండేది ఎక్కువగా జనపనార అని, దాని స్పర్శే వేరని మిల్లులో నేర్చుకున్నాను. పైగా ఈ కట్టను మిల్లు దువ్వెనతో దువ్వి, నార మెత్తబడడానికి మేము వాడే నూనె పట్టించారు. బహుశా నెల కిందట నేనే ఒకటో నంబరు వేసి పంపిన కట్టల్లోదే.

"సార్, ఇది..." అన్నాను.

"ఊఁ?" అన్నారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"ఏం లేదు సార్" అన్నాను.

కొత్తవలస వ్యాగన్లు

నమూనా ఒక్కదానితో ఆ ఊరు లొంగలేదు. కట్ట ఒకటి తెచ్చి పెడితే సరా, సరుకేదీ అన్నారు. రామ్మూర్తి గారు తొణకలేదు. "కొత్తవలసలో వ్యాగన్లు దిగుతున్నాయిట. నేను చూడలేదు. మీరే వెళ్లి చూసుకోండి" అన్నారు.

ఆ "నేను చూడలేదు" అన్నది ఎంత తెలివైన మాటో నాకు తరువాత అర్థమైంది.

ఊరివాళ్లు అప్పన్న తమ్ముడు సన్యాసిని, తోడుగా ఇంకొకణ్ణి పంపించారు. అప్పట్లో కొత్తవలస స్టేషను ఇప్పటిలా లేదు. కొండల మీదుగా ఇనుపరాయి దించే కొత్త లైను పని జోరుగా ఉండేది. పట్టాల నిండా వ్యాగన్లు. సన్యాసి మర్నాడు తిన్నగా మా డిపోకే వచ్చి అందరి ముందూ చెప్పాడు.

"నా కళ్లతో సూసేను. ఒకటా రెండా? ఈ కొస నుంచి ఆ కొస దాకా బళ్లే. పైన తారుగుడ్డలు కప్పేసి, తాళ్లు కట్టేసి, ఇలాగ ఉబ్బిపోయున్నాయి."

"గుడ్డ ఎత్తి సూసేవేటి?" అని ఒక ముసలాయన అడిగాడు.

"ఎత్తితే పోలీసోడు నా వీపు ఎత్తుతాడు, మావా! నార కాకపోతే అంత ఎత్తున ఏటుంటాది? నీ పెళ్లి సారేటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ధైర్యం సడలిపోవడం వినబడింది. ఒక ఊరివాళ్లు పశువులు నీళ్లు తాగే వేళకి బళ్లు కట్టుకొస్తామన్నారు. ఇంకో ఊరివాళ్లు ఇప్పుడే అన్నారు.

బల్ల దగ్గర

ఆ మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. ఆడవాళ్లు డిపోకు రావడం అరుదు. అయిదారు ఊళ్ల మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి నడిచివచ్చి, "ఏదీ, ఆ నేపాలు నార ఇలాగివ్వండి బాబూ" అంది.

ఇచ్చాను. వేళ్ల మధ్య రాసింది. చెంపకు రాసుకుంది. మొదళ్లు వెలుగుకేసి పట్టి చూసింది. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది గోగే" అంది.

"ఊరుకో ఒదినా" అన్నాడు సన్యాసి. "నేపాలు ఏ దిక్కునున్నాదో నీకు తెలుసా?"

"నేపాలు నాకు తెలీదురా. గోగు తెలుసు. నూనె వాసనొస్తన్నాది. నారకి నూనేటి? ఒలిచినోల్లెవులూ నూనె రాయరు. ఇది మిల్లులో దువ్విన నార."

మగవాళ్లు గొణుక్కున్నారు. భార్య వెనకే వచ్చిన అప్పన్న చొరవ చెయ్యలేక పక్కన నిలబడ్డాడు. రామ్మూర్తి గారు పేపరు తిరగేశారు. నావైపు చూడలేదు.

పైడమ్మ కట్ట బల్ల మీద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"తవరు సెప్పండి బాబూ. రోజూ నార ముట్టుకునే సెయ్యి తవరిది. నా మాట ఈలు ఇనరు, తవరి మాట ఇంటారు. ఇది నేపాలుదా, మనదా?"

అందరూ నావైపు తిరిగారు. నాకు పెళ్లి కుదిరి ఉంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవి కారణాలు కావని తెలుసు. అయినా ఆ క్షణంలో నా తలలో తిరిగినవి అవే.

"నేపాల్‌దే అమ్మా" అన్నాను.

ఆమె కదలలేదు. "మరి గోగులాగున్నాదేటి?"

"అక్కడా గోగు వేస్తారు. నూనె పట్టించడం వాళ్ల పద్ధతి" అన్నాను.

ఈ రెండో మాట ఎవరూ నన్ను అనమనలేదు. మొదటి అబద్ధం భయంతో అన్నాను. రెండోది నా పనితనం. సరుకు తెలిసిన మనిషిని నేను. ఆ తెలివితోనే అబద్ధానికి అతుకు వేశాను.

సన్యాసి పెద్దగా నవ్వాడు. "ఇన్నావా ఒదినా? ఆలు నారకి తలంటుతారట! నువ్వు మా అన్నకైనా తలంటేవా?" అన్నాడు. ఈసారి షెడ్డు కప్పు అదిరేలా నవ్వారు. అప్పన్న ముఖం నల్లబడింది. "నడుసే, నడు ఇంటికి. నలుగురిలో పరువు తీసేవు" అన్నాడు. ఆమె నన్ను ఇంకొక్క క్షణం చూసింది. కోపం కాదది. చేత్తో నార చూస్తామే, అలా చూసింది. తరువాత వెళ్లిపోయింది.

పొద్దుగూకే లోపు ఆ ఊరి బళ్లు వరసకట్టాయి. వాళ్ల ఒకటో నంబరు నారకు రామ్మూర్తి గారు రెండో నంబరు వెయ్యమన్నారు. వేశాను.

గూడ్సు గుమాస్తా చెప్పింది

అందరూ అమ్మేసుకున్న నెల లోపే ధర మళ్లీ లేచింది. రైతులు వచ్చి అడిగితే, "నేపాల్ నుంచి రావడం తగ్గిందిట" అన్నారు రామ్మూర్తి గారు. వాళ్లు తమ తలరాత అనుకుని వెళ్లారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం కొత్తవలస వెళ్లాను.

అక్కడ గూడ్సు గుమాస్తా నాతో చదువుకున్నవాడు. నేపాల్ నార వ్యాగన్లు ఎన్ని దిగాయని అడిగాను. నేను తాగి వచ్చానేమో అన్నట్టు చూశాడు.

"నేపాల్ నుంచా? నార? ఇక్కడికా?"

"తారుగుడ్డలు కప్పిన వ్యాగన్లు..."

"సిమెంటురా. వంతెనలకి. తడిస్తే గడ్డకడుతుందని కప్పారు." టీ తాగిస్తూ ఇంకా చెప్పాడు. "నేపాల్ దగ్గర ఉండేవి చిన్న పట్టాలు. అక్కడ ఎక్కించి, దించి, మళ్లీ పెద్ద పట్టాల బండికి ఎక్కించి, కలకత్తా దాటించి, ఇంత దూరం తేవాలి. సుంకం లేకపోతే కిరాయి లేకుండా పోతుందా? దార్లో అన్ని మిల్లులుండగా మీ మిల్లు దాకా ఎవడు మోస్తాడు? ఒక్కసారి ఆలోచించావా?"

ఆలోచించలేదు. నార గురించి అన్నీ తెలిసినవాణ్ణి, నార ఎలా ప్రయాణం చేస్తుందో ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

మర్నాడు రామ్మూర్తి గారి ముందు నిలబడి ఇదంతా అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను పేపర్లో ఉన్నది చదివాను. వ్యాగన్లు నేను చూడలేదన్నాను. అవునా?"

"ఆ నమూనా సార్..."

"అది నేపాల్‌దని నేనెవరితోనైనా అన్నానా? అట్ట ముక్క ఉంది. అడిగినదానికి జవాబు చెప్పింది నువ్వు. సరుకు తెలిసినవాడివి నువ్వు. నీ మాట మీద నేనూ నమ్మానయ్యా" అన్నారు.

నవ్వలేదు. నిజంగానే అలా నమ్ముతున్నట్టు అన్నారు. ఆయన్ని దుర్మార్గుడని రాసి నేను తేలిక పడగలను. కానీ లెక్క తీస్తే ఆయన నోటి నుంచి ఒక్క అబద్ధం రాలేదు. వచ్చినవి రెండూ నా నోటి నుంచే.

పోయిందేమిటంటే

ధర తగ్గి వాళ్లు నష్టపోయింది ఒక ఏడాది. నార ధర ఏ ఏటికా ఏడు పడుతుంది, లేస్తుంది. రైతుకు అది కొత్త కాదు. అసలు పోయింది వేరు.

మరుసటి ఏడు ఆ ఊరి నార వచ్చినప్పుడు కట్టలో చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాను. లాగితే పుటుక్కున తెగుతోంది. నీళ్లలో ఎక్కువ రోజులు ఉండిపోయింది. సన్యాసిని అడిగాను.

"మీ పైడమ్మ చెప్పలేదా, ఎప్పుడు తియ్యాలో?"

"ఆవిడనెవులు అడిగేరు బాబూ? నేపాలు నారకీ మన నారకీ తేడా తెలీనిది నీళ్లకాడేటి సెబుతాది? ఎవులి కట్ట ఆలే తీసుకున్నాం."

అదీ జరిగింది. ఆమె రోజూలాగే ఒడ్డుకు వచ్చిందట. ఎవరూ అడగలేదట. ఆమే నోరు తెరిచి "రేపు తియ్యండిరా" అంటే ఎవరో నవ్వారట. తరువాత ఇక రాలేదట. ఆ ఏడు ఊరంతటికీ మూడో నంబరు వేశాను. ఈసారి నిజంగానే మూడో నంబరు. పై ఏడు సగం మంది గోగు మాని నువ్వులు, మేము చోళ్లనే రాగులు వేసుకున్నారు. మూడేళ్లకు ఆ ఊరి నుంచి బండి రావడం ఆగిపోయింది. అటు చూస్తే మా మిల్లుకు మంచి నార కరువై, దూరం నుంచి ఎక్కువ కిరాయి పోసి తెప్పించుకోవలసి వచ్చింది. చవగ్గా కొన్నామనుకున్న మిల్లు కూడా బాగుపడలేదు.

పుస్తకాలు రాసేవారు ఇలాంటి ఒప్పందాల వల్ల ఏ పంట పెరిగిందో, ఏది తగ్గిందో చెబుతారు. ఆ ఊళ్లో గోగు తగ్గడానికి నేపాల్ పోటీయే కారణమని ఎవరైనా రాసి ఉంటే నేను ఆశ్చర్యపోను. నేపాల్ నుంచి ఒక్క పోగు ఆ దరిదాపులకు రాలేదు. వచ్చింది దాని పేరు. సరిహద్దు తెరిచారన్న వార్త వస్తే సరుకు కంటే ముందు భయం వస్తుంది. భయాన్ని అమ్ముకునేవాళ్లు దాని కంటే ముందే వచ్చి కూర్చుని ఉంటారు. కొత్తగా ఈ పనిలో చేరేవాళ్లు రైతు కట్టలో చెయ్యి పెట్టినంత లోతుగా ఆ వార్తలో కూడా చెయ్యి పెట్టి చూడాలి. ఏ దారిన వచ్చింది, ఎవరు దించారు, చూసిన మనిషి ఎవరు అని అడగాలి. జవాబుగా "అంటున్నారు" అని వినబడితే బల్లకు ఇవతలి వాళ్లనే అనుమానించండి. ముఖ్యంగా మిమ్మల్ని.

ఆలస్యంగా వెళ్లాను

ఆ ఉద్యోగంలోనే ఉండిపోయాను. ఖాయమైంది. రామ్మూర్తి గారు రిటైరై వెళ్లిపోయారు. మిల్లు మూతపడి, యాభై ఏళ్లకే ఇంట్లో కూర్చున్నాను. ఆ ఊరికి వెళ్లాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. బస్సు ఎక్కినది మాత్రం కిందటి వేసవిలో.

ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర అప్పన్న భార్య పైడమ్మ ఇల్లెక్కడని అడిగాను. కొట్టులో కుర్రవాడికి తెలియలేదు. లోపల ఉన్న ఎవరినో అడిగి, "ఓ, నేపాలమ్మా? అలా సెప్పండి. ఆ మూల ఇల్లు" అన్నాడు.

"నేపాలమ్మ అని ఎందుకంటారు?" అన్నాను.

"ఏటో మరి. చిన్నప్పట్నించీ అలాగే అంటన్నాం. ఎప్పుడో నేపాలు ఎల్లొచ్చిందేమో."

వీధి అరుగు మీద కూర్చుని ఆమె చింతపండు గింజలు తీస్తోంది. అప్పన్న పోయి చాలా ఏళ్లయిందట. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నిలబడే అంతా చెప్పాను. అది గోగేనని ముట్టుకోగానే తెలిసిందని, తెలిసే అబద్ధమాడానని చెప్పాను. వ్యాగన్లలో ఉన్నది సిమెంటని కూడా చెప్పాను. చెబుతూ ఉంటే నా గొంతు దానంతటదే తగ్గిపోయింది.

ఆమె చెయ్యి ఆగలేదు. గింజ తీసి పక్కన పడేస్తూనే ఉంది.

"నాకెందుకు సెబుతన్నావు బాబూ? నాకు తెలుసు గదా" అంది. "తెలీనోల్లకి సెప్పు."

ఎదురింటి వైపు తిరిగి, "ఒరే సన్యాసీ, ఇలా రారా" అని కేకేసింది. కర్ర పట్టుకుని సన్యాసి వచ్చాడు. పళ్లు లేవు. ఆ కేకకు పక్కిళ్ల వాళ్లు ముగ్గురు నలుగురు బయటికి వచ్చారు. "ఇప్పుడు సెప్పు. గట్టిగా సెప్పు, ఈడికి సెముడు" అంది.

గట్టిగా చెప్పాను. వీధిలో, పగటివేళ, కుర్రవాళ్లు కూడా వింటుండగా.

"అయితే ఆ బళ్లలో... సిమెంటా?" అన్నాడు సన్యాసి. మళ్లీ తనే, "ఇన్నేళ్లయ్యాక ఇప్పుడు సెప్పి ఏటి లాభం బాబూ?" అన్నాడు.

"లాభం కోసం సెప్పించలేదురా" అంది పైడమ్మ. "ఆ రోజు నువ్వు నవ్వేవు. ఆ నవ్వు ఎనక్కి తీసుకో."

ముసలాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి నేలకేసి చూశాడు. "తీసుకున్నానొదినా" అన్నాడు.

ఆమె తల ఊపింది. నేను సెలవు తీసుకోబోయాను.

"ఉండు. నీది అవ్వలేదు" అంది. "ఈ ఈదిలో నలుగురికి సెప్పేవు. ఆ రోజు నీ బల్లకాడ అయిదారూళ్లోల్లు ఉన్నారు. ఆలందరూ నవ్వేరు."

ఆ ఊళ్లన్నీ తిరిగాను. చాలామంది లేరు. ఉన్నవాళ్లలో కొందరు నన్ను గుర్తుపట్టలేదు, కొందరు వినడానికి కూర్చోలేదు. మిగిలిపోయిన వాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు డిపో బల్ల మీద ఎర్ర దారంతో కట్టి ఉన్న నార నేపాల్‌ది కాదు. అది గోగునార, ఈ నేల మీద పండిందే. గ్రేడరుగా నేను అది తెలిసి అబద్ధం చెప్పాను. పైడమ్మ చెప్పింది నిజం.